మూగచెక్కలు

ఆవలి గోడదాకా నెట్టుకుంటూ వెళ్లాక అతను తుడుపుకర్రను ఎత్తలేదు, నేలమీదనే అర్ధచంద్రంలా తిప్పాడు. ఎత్తితే అంతదాకా పోగైన దుమ్మంతా ఒక్కచోట రాలిపోతుంది. అయిదడుగుల వెడల్పున్న నూలుకుచ్చుల కర్ర అది. ఆరుసార్లు వెళ్లి ఆరుసార్లు వస్తే బాస్కెట్‌బాల్ కోర్టు మొత్తం పూర్తవుతుంది. నాలుగోసారి వెళ్లేటప్పటికే ఎడమ భుజం బరువెక్కింది. కర్రను కుడివైపుకు మార్చుకుని ఆగకుండా నడిచాడు. పైన ఇనుపరేకుల కప్పు కింద, అద్దాల కిటికీల్లోంచి పొద్దుటి వెలుగు ఇంకా నేలదాకా దిగలేదు.

ఆ హాలుకు వచ్చే పిల్లలందరూ అతన్ని నేలమామ అంటారు. ముప్పై నాలుగేళ్ల కిందట ఈ చెక్కనేల పరచడానికి వచ్చిన వడ్రంగుల్లో అతనొకడు. నలభై రోజుల పని అని వచ్చాడు. పని అయ్యాక తక్కినవాళ్లు ఉలులూ చిత్రికలూ సర్దుకుని వెళ్లిపోయారు. నేలను కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలంటే ఇతను ఉండిపోయాడు. "నలభై రోజులన్నారు, నలభై ఏళ్లు చేసేట్టున్నారు" అని భార్య ఇప్పటికీ అంటుంది. "ఆ నేలకు పూసిన నూనెలో సగం నా తలకు రాసినా ఈపాటికి జడ మోకాళ్లదాకా ఉండేది" అని కూడా అంటుంది. ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మాట ఎత్తడం ఇద్దరూ మానేసి చాలా కాలమైంది.

తుడవడం అయ్యాక బూట్లు విప్పి మేజోళ్లతో నడవడం మొదలుపెట్టాడు. అది రోజూ చేసే రెండో పని. మడమను కొంచెం గట్టిగా ఆనించి వింటాడు. బాగున్న చెక్క టక్కుమంటుంది. కింద పట్టు పోయిన చెక్క పలకదు. అక్కడ బంతి కొడితే నడుందాకా లేవాల్సింది మోకాలిదాకా లేచి ఊరుకుంటుంది. పరుగులో ఉన్నవాళ్ల అంచనా తప్పి కాలు మెలిపడుతుంది. అలాంటివాటిని అతను మూగచెక్కలంటాడు.

ఎడమచేతి వైపు, బంతి వేసే బుట్ట ముందు ఒక మంచమంత మేర అలాంటి చోటు ఉంది. పందొమ్మిదేళ్ల కింద ఒక వానాకాలం కప్పు కారి కింది దూలాలు చీకిపోయాయి. బాగుచేయమని ఎనిమిదిసార్లు అడిగాడు. వచ్చినవాళ్లు పైచెక్కలు మార్చి, మెరుగు పూసి వెళ్లారు. "పుండుమీద పౌడరు అద్దారు" అనుకున్నాడు. ఆనాటినుంచి ఒక అలవాటు చేసుకున్నాడు. ఏ జట్టు వచ్చినా సరే, ఆట మొదలయ్యేముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి ఆ చోటు చూపిస్తాడు. సొంత ఊరి జట్టుకు ఎలా చూపిస్తాడో బయటి జట్టుకూ అలాగే చూపిస్తాడు. మొదట్లో సొంత ఊరివాళ్లు అలిగారు.

"మన గుట్టు మనమే బయటపెట్టుకుంటే ఎలా మామా?"

"మోకాలు ఎవరిదైనా మోకాలే" అన్నాడు. తర్వాత వాళ్లూ అడగడం మానేశారు.

గేటు దగ్గర వాచ్‌మన్ పేపరు పరిచి, ఫ్లాస్కులోంచి టీ పోశాడు. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు. చుట్టరికమేమీ లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు.

"బాస్కెట్‌బాల్ లీగులో దేశం మొత్తానికి కొత్తగా రెండే జట్లట బావా. అడిగే ఊళ్లు అయిదు. రేవు ఊరికి ఒకటి ఖాయం అంటున్నారు, అక్కడ డబ్బుంది. కొండమీది ఊళ్లో అద్దాల హాలు కట్టారట, మెట్లు వాటంతటవే కదుల్తాయట. మిల్లులూళ్లో జనం ఎక్కువ. ఇంకోటి, కొత్తగా కట్టిన ఊరు. రోడ్లు పెద్దవేగానీ జనమే ఇంకా రాలేదు."

"మనకేముంది?"

"నువ్వున్నావు, నేనున్నాను. మొన్న గేటుకు రంగేశారు."

నేలమామ నవ్వి, టీ తాగాడు. గ్లాసు పట్టుకున్న చేతివేళ్లు చల్లగా అనిపించాయి.

"ఇవాళ చూడ్డానికి వచ్చే లీగువాళ్లకి నచ్చకపోతే ఈ హాలును గోదాం చేస్తారంటగా" అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి. "గోదాముకు నేనైనా కావాలి. నువ్వెందుకు?"

ఆ మాట సరదాకే అన్నాడు. అన్నాక తనే కాసేపు పేపరులో తలదూర్చాడు.

మేనేజరు తొమ్మిదింటికి వచ్చాడు. నేలమామకంటే ఇరవై ఏళ్లు చిన్న. మంచివాడే. మూడు వారాలుగా సరిగా నిద్రలేక కళ్లు లోతుకు పోయాయి. బుట్ట కింద నిలబడి, ఎటో చూస్తూ చెప్పాడు.

"పెద్దాయనా, నేల సంగతి వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. ఏ లోపమూ లేదనండి. అంతే."

"ఉన్నదాన్ని..."

"ఒక్క పూట. జట్టు వచ్చిందా, ఈ నేలంతా పీకించి కొత్తది వేయిస్తా. నా మాట. రాలేదా, వచ్చే ఏడు ఇక్కడ సిమెంటు బస్తాలు పేరుస్తారు. అప్పుడు ఏ చెక్క పలికితే ఏం, పలక్కపోతే ఏం?"

చెక్కమీద సిమెంటు పడితే ఏమవుతుందో నేలమామకు తెలుసు. సన్నటి పొడి సందుల్లోకి దిగుతుంది, తేమ తగిలి గట్టిపడుతుంది. ఆ తర్వాత ఏ తుడుపుకర్రా దాన్ని తీయలేదు.

పదకొండింటికి నలుగురు వచ్చారు. ముగ్గురు మగవాళ్లు కుర్చీలు లెక్కపెట్టారు, తలుపులు కొలిచారు, దీపాలను ఫొటోలు తీశారు. నాలుగో ఆవిడ పొడగరి, చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఆమె కోర్టు అంచు గీత దగ్గర ఆగి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి పక్కన పెట్టింది. అది చూసి నేలమామకు మనసులో ఏదో కుదుటపడింది. వెంటనే భయం కూడా వేసింది.

"ఈ నేలను చూసుకునేది మీరేనా?"

"నేనేనమ్మా."

"పలకని చోట్లు ఏమైనా ఉన్నాయా?"

మేనేజరు పక్కనే ఉన్నాడు.

"లేవమ్మా" అని, నేలమామ తుడుపుకర్ర కుచ్చులో చిక్కుకున్న దారప్పోగును తీయడం మొదలుపెట్టాడు.

ఆమె తలూపి బంతి అందుకుంది. కుడివైపు నుంచి కొడుతూ బయలుదేరింది. బంతి చప్పుడు ఖాళీ హాలంతా తిరిగి వచ్చి చెవులను తాకుతోంది. మధ్యగీత దాటింది. ఎడమ బుట్ట వైపు వెళ్లింది. నేలమామ విన్నాడు. బంతి మూగచోటుకు రెండడుగుల దూరంలో పక్కకు జరిగి, దాన్ని చుట్టి, మళ్లీ తిన్నగా వెళ్లింది. చప్పుడు ఎక్కడా తగ్గలేదు.

మేనేజరు ముఖం వికసించింది. నేలమామకు మాత్రం అర్థమైంది. తెలియనివాళ్లు అలా తప్పుకోరు.

మధ్యాహ్నం సామాన్ల గదిలో అన్నం డబ్బా తెరిచాడు గానీ ముద్ద దిగలేదు. భార్య ఫోను చేసింది. వెనకాల మిషను చప్పుడు వినిపిస్తోంది.

"తిన్నారా?"

"తింటున్నా."

"ఏమైంది, గొంతు అలా ఉంది?"

"ఒక అబద్ధమాడాను."

మిషను ఆగింది. "మీరా? ఎవరితో?"

చెప్పాడు.

"అలవాటు లేనివాళ్లు అబద్ధమాడకూడదు, అరగదు" అంది. "ముందు తినండి. వచ్చేటప్పుడు తెల్లదారం రీళ్లు రెండు పట్రండి. చీకటి పడకముందే రండి."

"సరే" అన్నాడు. డబ్బా మూతపెట్టి, తినకుండానే లేచాడు.

ముగ్గురు మగవాళ్లూ మేనేజరు గదిలో మాట్లాడుతున్నారు. ఆవిడ ఒక్కతే వెనకవైపు మెట్లమీద కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటోంది. అతను రెండు మెట్లు కింద నిలబడ్డాడు. మెట్లు దిగిన ఆయాసమో మరేమిటో, మాట రావడానికి కాస్త సమయం పట్టింది.

"అమ్మా, పొద్దున నేను మీకు చెప్పింది నిజం కాదు."

"తెలుసు" అందామె, పుస్తకం మూసి. "పదహారేళ్ల కింద మా జట్టు ఇక్కడికొచ్చింది. కెప్టెన్ని నేనే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించారు. 'ఇక్కడ బంతి కొట్టకు తల్లీ' అన్నారు. మేం అప్పటికి తిరగని హాలు లేదు. అలా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ రోజు మేం గెలిచాం కూడా."

నేలమామ ఆమె ముఖంలోకి చూశాడు.

"నాకు గుర్తులేదమ్మా. అందరికీ చెప్పేవాణ్ణి."

"అది నిజమే అయ్యుంటుంది."

"తెలిసీ ఎందుకడిగారు?"

"మళ్లీ చెప్తారేమోనని."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"రండి" అన్నాడు. "మీకు తెలిసింది ఒక్కటే. ఇంకో రెండున్నాయి."

సామాన్ల గదిలోంచి నీలం రంగు టేపు చుట్ట తెచ్చి, నేలమీద మోకాళ్లూనాడు. ముందుగా బుట్ట ముందరి చోటు చుట్టూ నలుచదరంగా అంటించాడు. తర్వాత మధ్యగీత పక్కన ఒకటి, రెండేళ్లనుంచి మెత్తబడుతోంది. కుడి మూలన మూడోది; ఈ శీతాకాలం మొదలైంది, ఇంకా ఎవరికీ తెలియదు. టేపును పళ్లతో తుంచి, బొటనవేలితో అదిమి, మూలలు కలిశాయో లేదో చూసుకుని లేచేవాడు. మూడోసారి లేవడానికి ఆమె చెయ్యి అందించింది. అతను పట్టుకున్నాడు.

ఆమె మూడు చోట్లా బంతి కొట్టి చూసి, పుస్తకంలో మూడు గళ్లు గీసుకుంది.

"ఇది రాస్తే మీ ఊరికి కష్టం కావచ్చు."

"రాయండి. వచ్చేవాళ్లు పడకూడదుగా."

ఆమె బూట్లు తొడుక్కుంటూ అడిగింది. "మమ్మల్ని అయిదూళ్లు తిప్పుతున్నారు. అందరూ మా ఊరికే ఇవ్వండంటారు. మీరు చెప్పండి, ఏ ఊరికివ్వాలి?"

అతను ఆలోచించాడు. తొందరపడి జవాబు చెప్పే ప్రశ్న కాదనిపించింది.

"నేను వేరే ఊళ్లు చూడలేదమ్మా. ఊడ్చేవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా. గెలిచిన రోజు చెత్త ఏ ఊళ్లోనైనా ఒకలాగే ఉంటుంది. ఓడిన రోజు చెత్త చూడాలి. కొన్నిసార్లు పల్లీ తొక్కలూ కాగితం గ్లాసులూ తలుపుల దగ్గర పడుంటాయి. ఆట అవకముందే లేచిపోయారన్నమాట. కొన్నిసార్లు అన్నీ కుర్చీల కిందే ఉంటాయి. ఓడిన రోజు కూడా కుర్చీల కిందే ఉండే ఊరికివ్వండి."

"మరి మీ ఊరు?"

"సగం సగం" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆ రోజు ఆ హాలులో ఎవరైనా మనసారా నవ్వడం అదే మొదలు.

నాలుగింటికి కారు వెళ్లిపోయింది. సాగనంపి వచ్చిన మేనేజరు కోర్టు మీద నీలం చదరాలు చూసి ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మూడో వరుసలో కూర్చున్న నేలమామ పక్కన వచ్చి కూలబడ్డాడు.

"చెప్పేశారా?"

"చెప్పాను బాబూ."

"ఒక్క పూట అన్నాను."

"మధ్యాహ్నందాకా ఓర్చుకున్నా."

మేనేజరుకు కోపం రావాల్సింది. రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. టై వదులు చేసుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ జాగాలో నేనుంటే చెప్పేవాణ్ణి కాదు పెద్దాయనా."

"మీ జాగాలో నేనుంటే నేనూ చెప్పేవాణ్ణి కాదు."

లేచి వెళ్తూ మేనేజరు అన్నాడు. "ఆ టేపు రేపు తీసేయండి. చూడటానికి బాగాలేదు."

"రేపు చూద్దాం" అన్నాడు నేలమామ.

అయిదింటికి బడిపిల్లలు సాధనకు వచ్చారు. పన్నెండుమంది ఆడపిల్లలు. భుజాల సంచులు గోడవారగా విసిరేసి కోర్టులోకి దిగారు.

"ఇవేంటి నేలమామా, తొక్కుడుబిళ్ల గీశావా?"

"వాటిల్లో బంతి కొట్టకండే. కాలు మెలిపడుద్ది."

"మూడా! ఇన్నాళ్లూ ఒకటే చెప్పావు! నేను మొన్న ఆ మూలనే పడ్డాను, గుర్తుందా?"

"గుర్తుంది. తప్పయిపోయింది, ఇప్పుడు చెప్తున్నాగా."

వాళ్లు ఆడారు. మొదట టేపు దగ్గరికి రాగానే ఆగిపోయేవారు. ఒకరినొకరు గుద్దుకుని, తిట్టుకుని, నవ్వుకున్నారు. పావుగంట గడిచేసరికి ఆగడం మానేశారు. బంతితోపాటు కాళ్లూ వాటంతటవే పక్కకు జరుగుతున్నాయి. అతను మూడో వరుసలో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. చప్పుడు ఎక్కడా తగ్గడం లేదు. టక్, టక్, టక్. పన్నెండు జతల కాళ్లు, ఒక బంతి. ఎడమచెయ్యి ఒళ్లో బరువుగా ఉంది. దాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు. ఇంకాసేపటికి లేచి దారం కొట్టు మూసేలోగా వెళ్లాలనుకున్నాడు.

ఆరున్నరకు ఆట ముగిసింది. కెప్టెన్ పిల్ల చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చింది.

"మామా, దీపాలు ఆర్పేయమంటావా?"

అతను పలకలేదు. తల పక్కకు వాలి ఉంది. నిద్రపోతున్నాడనుకుంది. మిగిలినవాళ్లకు చప్పుడు చేయొద్దని వేలితో సైగ చేసింది. అందరూ బూట్లు చేతిలో పట్టుకుని, మేజోళ్లతో నడిచి బయటికి వెళ్లారు. ఆ పిల్ల అతని కళ్లకు కొట్టే వైపు దీపాలు మాత్రం ఆర్పి, మిగతావి వదిలేసింది.

తాళాలు వేయడానికి వచ్చిన వాచ్‌మన్ "బావా" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు. పక్క కుర్చీలో కూర్చుండిపోయాడు. బావ భార్యకు ఆ మాట ఫోనులో ఎలా చెప్పాలో అతనికి వెంటనే తోచలేదు.

పన్నెండో రోజున జాబితా వచ్చింది. రేవు ఊరికి ఒక జట్టు, కొండమీది ఊరికి ఒక జట్టు. తమ ఊరికి ఎందుకు ఇవ్వలేదో ఒక కాగితంలో రాసి పంపారు. కుర్చీలు తక్కువ, హోటళ్లలో గదులు తక్కువ, కార్లు నిలపడానికి చోటు చాలదు. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివాడు. నేల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని హాలులోకి వెళ్లాడు. చదరాలను ఎవరూ తీయలేదు. తీయమని అతనూ ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కి, మూడో వరుసలో ఆ రోజు తాను కూర్చున్న చోటనే కూర్చున్నాడు. పక్కన, నేలమామ కూర్చున్న కుర్చీ కింద టేపు చుట్ట ఉంది. సగందాకా అయిపోయింది. మళ్లీ వాడుకునేటప్పుడు గోటితో వెతుక్కునే పని లేకుండా, దాని కొసను కొంచెం లోపలికి మడిచి పెట్టి ఉంది.