సోపతి రాజ్యాంగం

నాగర్‌కర్నూల్ ప్రాంతంలో 'సోపతి' అనే మాటకు స్నేహమని అర్థం చెప్పి చేతులు దులుపుకోవడం, కృష్ణానదిని తడి అని నిర్వచించడం వంటిది. లింగయ్య, భీమయ్య, అనంతయ్య, యోసేపు అనే నలుగురు రైతుల ప్రయోగంలో అది సాక్షాత్తు ఒక రాజ్యాంగం. అందులో ఉన్నది ఒకే అధికరణం: నలుగురిలో ఎవడూ ఎవడికంటే ఎక్కువ కారాదు. ఒకడి ముందుకు చాయ్ వస్తే, మిగిలిన మూడూ వచ్చేదాకా అది చల్లారవలసిందే.

2004 వేసవిలో లింగయ్యకు షుగరు ముదిరి బొటనవేలు నల్లబడింది. మర్నాడే వేలు తీసేయాలనీ, ఆలస్యమైతే కాలే పోతుందనీ డాక్టరు చెప్పాడు. ముగ్గురు సోపతిగాళ్లూ దండయాత్రకు తరలినట్టు ఆటోలో వచ్చి అతణ్ణి దవాఖానలో చేర్చారు. వెనక సంచితో అతని భార్య జములమ్మ. ఆ ఇంట్లో మరో మగదిక్కు లేదు.

సాయంత్రం నర్సు వచ్చింది. "మగవాళ్ల వార్డు. రాత్రికి ఒక్క మగమనిషే ఉండాలె. తోడు లేకుంటే రేపు ఆపరేషన్ చెయ్యరు."

"ముగ్గురం ఉంటం," అన్నాడు భీమయ్య.

"ఒక్కరే."

"అట్లయితే ఎవరం ఉండం," అన్నాడు అనంతయ్య, ధర్మాసనం నుంచి తీర్పు చదివినంత గంభీరంగా. "ఒక్కడుంటే, లింగనికి అసలు సోపతి వాడేనంటది ఊరు. మేం ఉత్తగ ఆటోల తిరిగినోళ్లమైతం."

"వంతులేసుకోండి."

"మొదటి వంతు ఎవరిది మరి?" అన్నాడు యోసేపు.

జములమ్మ చేతులు జోడించింది. "అన్నా, మీకు దండం పెడ్త. ఎవరన్న ఒకరుండుండ్రి. ఆయన కాలు పోతది."

విసిగిన నర్సు రోగివైపు తిరిగింది. "నువ్వే చెప్పు పెద్దాయనా. ఒక్క పేరు."

లింగయ్య ముగ్గురినీ చూశాడు. "యో..." అనబోయాడు. భీమయ్య చూపు నేలకు దిగిపోయింది. లింగయ్య ఆ మాటను అక్కడే మింగాడు.

"జర ఈ సూది గుంజు బిడ్డా," అన్నాడు, సెలైన్ ఎక్కుతున్న చేయి చాచి. "ఇంటికి పోతం."

"దిమాక్ ఖరాబైందా నీకు?" అంది జములమ్మ.

"వేలుకేమైతది? నాలుగు రోజులాగి వస్తం. అందరం."

ముగ్గురూ అతణ్ణి లేవనెత్తారు. ఏ భుజం మీదా బరువు ఎక్కువ పడకుండా, ఎంతో నిష్ఠతో. జములమ్మ వాళ్ల వెంట పోలేదు. ఖాళీ అయిన మంచం మీద సంచి పెట్టి కూర్చుంది.

"ఇది ఇంకొకరికియ్యకు తల్లీ," అంది నర్సుతో. "కాలంత నల్లగైనంక వాళ్లే మోసుకొస్తరు."