దిగిపోయే బెంచీలు

పొద్దున్నే స్కూటీ తీసి, నౌబాద్ లారీల దుమ్మంతా మింగి, జనవాడ దాటాక వచ్చే ఆ చిన్న ఊరి సర్కారు కన్నడ బడికి చేరేసరికే భాగ్యజ్యోతికి సగం ఓపిక అయిపోయేది. మిగిలిన సగం మూడో తరగతి వెనక బెంచీలు తినేసేవి. ఆమె బీదర్ బజారులో పప్పుల దుకాణం వాళ్లమ్మాయి. టీచర్ ట్రైనింగు చదువుతూ, పాఠం చెప్పడం నేర్చుకోడానికి ఇక్కడికొచ్చింది.

ముందు బెంచీలు బాగానే ఉంటాయి. వెనకవి మాత్రం పాఠం సాగుతుంటే నేలలోకి దిగుతాయి. బండలు పగిలి ఎర్రమట్టి పైకొస్తుంది. పిల్లలు మోకాళ్ల దాకా, నడుం దాకా దిగి కూర్చుంటారు. ఏటా జూన్‌లో కొత్త బండలు పరుస్తారు. మెడ దాకా దిగిన పిల్ల పేరు రిజిస్టరులోంచి కొట్టేస్తారు. తండ్రి ఒక పూట పని మానుకుని గడ్డపారతో వచ్చి, తవ్వి తీసుకుపోతాడు.

"తిండెక్కువైంది వీళ్లకు," అని హెడ్‌మాస్టరు శివానంద్ వెనక బెంచీలకు మధ్యాహ్న భోజనంలో సగం గుడ్డే పెట్టించాడు. సగం గుడ్డు తిన్న పిల్లలు ఇంకా తొందరగా దిగారు. దాంతో మొత్తానికే మానిపించాడు. ఈ తెలివికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

మొదట్లో భాగ్యజ్యోతి కూడా వీళ్లది బద్ధకం అనుకుంది. కన్నడంలో అడిగితే నోరు తెరుస్తారు, మూస్తారు, గుటక వేస్తారు. బెంచీ కిర్రుమంటుంది. రైతు సిద్దప్ప కూతురు శివాని మరీను, చంకల దాకా దిగిపోయింది. ఒకనాడు ఆ పిల్ల పక్కపిల్ల చెవిలో జవాబు తెలుగులో చెప్పబోయింది. సరైన జవాబే. కిటికీలోంచి శివానంద్ "కన్నడ! కన్నడ!" అని గద్దించాడు. శివాని మిగతా మాట మింగేసింది. కింద బండ టక్కున పగిలింది.

అప్పటికిగానీ భాగ్యజ్యోతికి వెలగలేదు. తను చదివిన బడి కిందా ఇదే ఎర్రమట్టి. అక్కడ ఏ తెలుగు పిల్లా దిగలేదు. అందరిళ్లకూ కన్నడం ట్యూషన్ సారు వచ్చేవాడు మరి. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆఫీసు గదిలోకి పోయి శివానంద్‌ను అడిగింది. "సార్, వాళ్లిండ్లల్ల తెలుగే మాట్లాడ్తరు. ముందు తెలుగుల చెప్పనియ్యండి. తర్వాత కన్నడ నేనే నేర్పిస్త."

"కన్నడ రాకుంటె రేపు ఆఫీసులల్ల అర్జీలు తెలుగుల ఇస్తరా అమ్మా?"

"నోరు తెరిస్తెనే గద సార్, ఏ భాషైనా వచ్చేది!"

"రేపు నీ పాఠం చూస్త. తెలుగు ఒక్క మాట వినిపించినా ఫెయిలే," అన్నాడు శివానంద్. అదంతా తెలుగులోనే అన్నాడు.

మర్నాడు ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కబురందుకున్న సిద్దప్ప గడ్డపారతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆరేసిన బట్టలోని నీళ్లు ఎటు పోతాయని భాగ్యజ్యోతి కన్నడంలో అడిగింది. శివాని గుటక వేసింది. గడ్డం నేలకు తగిలింది. సిద్దప్ప వచ్చి బండ సందులో గడ్డపార దించాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. "ఆగు సిద్దన్నా! శివానీ, మన మాటల్లనే చెప్పు బిడ్డా. నిన్నటిది, మొన్నటిది, అన్నీ చెప్పు!"

"ఎండకు ఆవిరైతది మేడం," అంది శివాని. భుజాలు పైకొచ్చాయి. "ఆవుకు నాలుగు కాళ్లు. మంగళవారం తర్వాత బుధవారం. ఏడు, ఎనిమిది కలిపితె పదిహేను..." ఎప్పుడో బదిలీ అయిపోయిన టీచర్లు అడిగిన ప్రశ్నలకు జవాబులవి. ఒక్కో జవాబుకూ బెంచీ కాస్త లేచింది. మిగతా వెనక బెంచీలూ అందుకున్నాయి. గది సంతలా గోలెత్తింది. భాగ్యజ్యోతి ఒక్కో జవాబూ బోర్డెక్కించి, పక్కన కన్నడం మాట రాసి, పైకి చదివించింది. సుద్దముక్కలు విరుగుతున్నా ఆగలేదు.

శివానంద్ ఫెయిల్ అని రాసి లేచి వెళ్లిపోయాడు. అంటే ట్రైనింగు మళ్లీ మొదటినుంచి. కోపంతో ఆమెకు ఏడుపొచ్చింది. తిరిగి చూస్తే సిద్దప్ప ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఇంకేం తవ్వుతవ్ అన్నా? పిల్ల బయటికొచ్చె గద!"

"తవ్వుడు కాదు టీచరమ్మా," అన్నాడతను తల వంచుకుని. "నాదొకటి మిగిలింది. నా చిన్నప్పుడు ఈ గదిలనే అడిగిండ్రు. తొమ్మిది అయిదులు నలభై అయిదు."

ఆమె బోర్డు మీద రాసింది. శివాని లేచి నిలబడి, తండ్రికి వినబడేలా గట్టిగా కన్నడంలో చదివింది. "నలవత్తైదు."

సిద్దప్ప గడ్డపార భుజాన వేసుకుని ఒక్కడే పొలానికి పోయాడు.