వీరమ్మగారి మార్కులు

మా జనార్దనరావుగారికి ఇంగ్లండులో తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. ఎప్పుడో లండన్‌లో ట్రైనింగ్ చేసొచ్చాడు, అంతే. అయినా ఆ దేశంలో ఏ ఊరివాళ్ళు ఎలా మాట్లాడాలో తేల్చేది ఆయనే. ఏం చెయ్యను, సైన్స్ పార్క్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మేనేజరు కూడా ఆయనే.

రెండువేల సంవత్సరం అది. వైటూకే గండం గడిచి మా అందరికీ చేతినిండా పని. అక్కడి బ్యాంకు ఒకదానికి ఫోన్ చేస్తే మనిషికి బదులు యంత్రం జవాబు చెప్పేలా మేం తయారుచేస్తున్నాం. ఆ జవాబు ఏ యాసలో ఉండాలన్నది పెద్ద తలనొప్పైంది. బ్రిటన్‌లోనూ ఐర్లండ్‌లోనూ ఊరికొక ఆడమనిషి చేత ఒకే నాలుగు ముక్కలు చదివించి ఆ గొంతులు మాకు పంపారు. అక్కడ ఒక ఊరి యాస ఇంకో ఊరికి గిట్టదట. అందుకని ఏ పట్టింపూ లేని మనం విని మార్కులు వెయ్యాలట.

పట్టింపు లేకపోవడమా! జనార్దనరావుగారు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని మొదలుపెట్టాడు. "లండన్‌కి పదికి పది. గ్లాస్గో ఆవిడ పోట్లాటకొచ్చినట్టుంది. లివర్‌పూల్‌కి జలుబు. ఈ కార్క్ అమ్మాయి చదవమంటే పాడుతోంది. ఇక బర్మింగ్‌హామ్... అబ్బబ్బ, నిద్రమొహం! ఈవిడ గొంతు వింటే ఎవడైనా ఆ బ్యాంకు గడప తొక్కుతాడా?" అందరూ నవ్వారు. ఆయన వేసిన మార్కులే కాస్త అటూ ఇటూగా అందరూ వేశారు.

నేను వెయ్యలేదు. "ఇంటికి తీసుకెళ్ళి వింటాను" అని లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నవ్వు నేను అంతకుముందే మా ఇంట్లో విన్నాను.

మా అత్తగారు వీరమ్మగారిది పలాస. మనవరాలిని చూసుకోవడానికని మొదటిసారి విమానం ఎక్కి, సముద్రం దాటి, ఈ పరాయిదేశంలో ఆంగ్ మో కియో అనే పేటలోని మా ఫ్లాట్‌కి వచ్చారు. మా కీర్తికకి అయిదేళ్ళు. స్కూల్లో ఇంగ్లీషు, ఇంట్లో ఇంగ్లీషు. తెలుగులో అడిగినా దానికి ఇంగ్లీషే నోటికొచ్చేది. అలాంటిది, వాళ్ళ నాన్నమ్మ ఒళ్ళో కూర్చున్నాక గలగలా తెలుగు అందుకుంది. అదీ పలాస తెలుగు. "మమ్మీ, ఇదేటి?" అని అది అడుగుతుంటే నాకు ఎంత ముద్దొచ్చేదో!

ఆదివారం మా ఇంట్లో భోజనం చెయ్యడం జనార్దనరావుగారికి అలవాటు. ఒకసారి అలా వచ్చినప్పుడు అత్తగారు ఆదరంగా, "కూకో బాబూ, ఇంకాసింత ఏసుకోవేటి?" అన్నారు. ఆయన గొల్లుమన్నాడు. "అచ్చం సినిమాల్లో పనిమనిషి డైలాగ్ ఆంటీ! ఏదీ, ఇంకోటి అనండి" అన్నాడు. పైగా, "పిల్ల ఇదే పట్టేస్తే కష్టం సుమండీ" అని నాకు సలహా. పోనీ ఆయన పరాయివాడు. మా ఆయన మహీధర్‌కేమైంది? కన్నతల్లిని వెక్కిరిస్తుంటే తనూ ఇకిలించాడు. ఆ రాత్రి ఆయనకి నేను పెట్టాల్సిన నాలుగూ పెట్టాననుకోండి.

కానీ ఏం లాభం? అత్తగారు నోరు కట్టేసుకున్నారు. నాతో ఒకటీ అరా మాట్లాడేవారు. పిల్ల దగ్గర మాత్రం పెదవి విప్పడం మానేశారు. తలాడించడం, సైగ చెయ్యడం, నవ్వడం. తన మాట దానికి అంటుకుంటుందని భయం. "వద్దులే సరయమ్మా, గుంట పాడైపోతాది" అన్నారు ఒకసారి నాతో. గుంట అంటే వాళ్ళ ఊళ్ళో పిల్ల అని.

పిల్ల బాధ ఇంకోరకం. అత్తగారు దానికి చెబుతున్న కథ సగంలో ఆగిపోయింది. అడవి పక్కన గుడిసెలో ఒక అవ్వ గారెలు వండుతోంది. ఆ వాసనకి పులి వచ్చి తలుపు కొట్టింది. అంతే, అక్కడ ఆగింది. "మమ్మీ, ద టైగర్ స్టిల్ అవుట్‌సైడ్ ఆ?" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో నన్ను అడిగేది. నాకేం తెలుసు, మా తెనాలిలో ఆ కథ లేదు. "నాన్నమ్మ డోంట్ వాంట్ టు టెల్ లా" అని మళ్ళీ ఇంగ్లీషులోకి పోయింది. అత్తగారి వీసా గడువు దగ్గరపడుతోంది. ఆవిడ ఇలాగే మూగగా విమానం ఎక్కేస్తారేమోనని నాకు దిగులు పట్టుకుంది.

లాప్‌టాప్ ఇంటికి తెచ్చాక వచ్చిన ఆదివారం, మహీధర్ గోంగూర కోసం బజారుకెళ్ళాడు. అత్తగారు సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. నాకు ఏం తోచిందో, హెడ్‌ఫోన్ పీకేసి ఆ గొంతులన్నీ పైకి వినిపించాను.

"అత్తయ్యా, వీళ్ళలో ఎవరు మంచివాళ్ళో చెప్పండి."

"నాకు ఇంగిలీసు రాదు కదమ్మా."

"అర్థం అక్కర్లేదు, గొంతు వినండి చాలు."

మొదట లండన్ ఆవిడ. అత్తగారు కాయ తుంచుతూ విన్నారు. "మంచిదే. గానీ మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి మాటాడతాది" అన్నారు. నేను పకపకా నవ్వాను. గ్లాస్గో ఆవిడకి, "ఈవిడ తిడతాది, తిట్టీసి అన్నం ఎడతాది" అన్నారు. కార్క్ అమ్మాయి వచ్చేసరికి ఆవిడ మొహం విచ్చుకుంది. "ఓలమ్మ! ఈ పిల్లది మా పక్కేటి? మాట ఎలగెత్తుతందో సూడు!"

నేలమీద బొమ్మలేసుకుంటున్న కీర్తిక తలెత్తింది. నేను బర్మింగ్‌హామ్ ఆవిడని పెట్టాను.

అత్తగారి చేతులు ఆగాయి. "మళ్ళీ ఎట్టు" అన్నారు. మళ్ళీ పెట్టాను. "ఈయమ్మ ఒళ్ళో బిడ్డ నిద్దరోతన్నాడు. లెగుస్తాడేమోనని మెల్లగా మాటాడతంది. ఈయమ్మకి ఎక్కువెయ్యి సరయమ్మా."

"ఆఫీసులో అందరికంటే తక్కువ ఈవిడకే వచ్చాయి అత్తయ్యా. నిద్రమొహమట, ఈ గొంతు వింటే ఎవడూ బ్యాంకు గడప తొక్కడట."

"ఎవులన్నారు?"

"జనార్దనరావుగారు."

ఆవిడ చిక్కుడుకాయ పట్టుకుని నా వంక చూశారు. తర్వాత నెమ్మదిగా, "ఆ బాబు ఇంగిలీసులో కూడా ఇంతేనేటి?" అన్నారు.

"ఇంతే అత్తయ్యా! దేశదేశాల వాళ్ళనీ ఇంతే!"

నవ్వడం మొదలుపెట్టారు చూడండి, ఆవిడ! పళ్ళెంలో కాయలు చెల్లాచెదురు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగితే కొంగుతో తుడుచుకున్నారు. "అయ్యో పాపం, నాను ఒక్కదాన్నే అనుకున్నాను" అన్నారు. నవ్వుతున్నదాన్నల్లా నేను ఆగిపోయాను. ఇన్నాళ్ళూ ఈవిడ మనసులో ఇదా ఉంది?

కొంగు సర్దుకుని చెయ్యి చాచారు. "ఒలే గుంటా, ఇటు రాయే. పులొచ్చి తలుపు కొట్టీసినాదా..."

కీర్తిక ఒక్క ఉరుకున ఒళ్ళోకి ఎక్కేసింది. "కొట్టీసినాది!"

సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. పిల్ల కెవ్వుమంది. తలుపు తీస్తే గోంగూర సంచితో మహీధర్, వెనకే జనార్దనరావుగారు. భోజనానికి టైమైంది కదా మరి! ఈవిడ మళ్ళీ నోరు కట్టేసుకుంటే?

అత్తగారు ఆయన్ని చూశారు. ఒళ్ళోని పిల్లని ఇంకాస్త దగ్గరకి లాక్కున్నారు. "రా బాబూ, కాళ్ళు కడుక్కుని కూకో. కత సగంలో ఉంది, అయిపోనాక తిందాం" అన్నారు. గొంతు ఏమాత్రం తగ్గించలేదు. జనార్దనరావుగారు ఏదో అనబోయి, నా మొహం చూసి, బుద్ధిగా కుర్చీలో కూర్చున్నాడు.

"అప్పుడు అవ్వ ఏటన్నాదంటే, పులీ పులీ, గారెలు వేడిగున్నాయి, మూతి కాలతాది, ఊదుకుని తినూ అన్నాది..."

నేను గిన్నెల దగ్గరకి వెళ్ళలేకపోయాను. గడప దగ్గరే నిలబడ్డాను. పక్కన మహీధర్ సంచి కింద పెట్టకుండా అలాగే నించున్నాడు. పెళ్ళై ఏడేళ్ళు, మా ఆయన నోట ఆ ఊరి మాట నేను ఒక్కటి వినలేదు. అలాంటి మనిషి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అమ్మా, పులి తినీసినాదేటే? బేగి సెప్పే."

అత్తగారు తలెత్తి కొడుకుని చూశారు.

"ఉండరా గుంటడా" అన్నారు, "సెప్తన్నాను కదా."