ఇంజిన్ మీద అంకెలు

కార్ల షెడ్డులో అందరూ అతన్ని అద్దం మేస్త్రి అంటారు. అతను రంగు వేసి బయటికి పంపిన బండి తలుపులో చూసుకుని మగాళ్ళు తల దువ్వుకుంటారని ఆ పేరు. తుప్పు కనిపిస్తే ఆ మనిషి చెయ్యి ఊరుకోదు. ఆ చెయ్యే ఇప్పుడు కొంప ముంచింది.

షెడ్డు మధ్యలో ఉన్న ఎర్రటి ఇటలీ స్పోర్ట్స్ కారు అతని బావది. బావ పోయాక అక్కకు మిగిలిన ఆస్తి అదొక్కటే. మరిది ఇంట్లో వెనక గదిలో, గిన్నె చప్పుడైనా ఎవరికి కోపం వస్తుందోనని ఒదిగి ఒదిగి బతుకుతోంది. కారు అమ్ముడైతే తనదంటూ ఒక ఇల్లు కొనుక్కుంటుంది. "కాస్త శుభ్రం చేసిపెట్టరా. నీ చేతిలో పెట్టాక నాకిక దిగులేంటి?" అని తాళాలు ఇచ్చి వెళ్ళింది.

అలాంటి కార్లు లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయట. వాటిని కొనే మహానుభావులు మెరుపు చూసి మురిసిపోరు. పుట్టినప్పుడు బిగించిన ఇంజినే ఇంకా ఉందా అని చూస్తారు. ఇంజిన్ పక్కన కొట్టిన అంకెలు కాగితాల్లోని వాటితో కలిస్తే ఆ కారు బంగారం. కలవకపోతే పెళ్ళికూతురిలా ఉన్నా సగం ధర పలకదు. ఈ సంగతి మేస్త్రికి ఎప్పుడు తెలిసిందంటే, కార్లకు విలువ కట్టే ఆవిడ ఫోన్ చేసి, "నేను ముందు చూసేది ఇంజిన్ అంకెలే" అన్నప్పుడు. అప్పటికే ఆ చోట తుప్పు చూసి, గ్రైండరు పట్టి నున్నగా చేసేశాడు. పరిగెత్తుకెళ్ళి టార్చి వేస్తే అక్కడ తన మొహం తప్ప ఏమీ లేదు.

అక్కకు చెప్పేద్దామని ఫోన్ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టేశాడు. అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టిందీ అక్కే, వీపు విమానం మోత మోగించిందీ అక్కే. తన తల నెరిసినా, ఆమె కనుబొమలు ముడిపడితే అతను చిన్నపిల్లాడైపోతాడు. బజారుకు వెళ్ళి అంకెలు కొట్టే పంచీలు తెచ్చాడు. కాగితాల్లో నంబరు చూసి, సరిగ్గా పాతవి ఉన్న చోటే కొట్టాడు. ఉప్పునీళ్ళతో తుప్పు పట్టించి, పైన జిడ్డు పూశాడు. ఒక్క అంకె కూడా వంకర పోనివ్వలేదు. వృత్తి గర్వం అలాంటి వేళ కూడా నిద్రపోదు మరి!

విలువ కట్టే ఆవిడ వచ్చింది. వెంట అక్క కూడా వచ్చింది. ఆవిడ కారు చుట్టూ తిరగలేదు, సీట్లు తడమలేదు. తిన్నగా ఇంజిన్ దగ్గర వంగి భూతద్దం పెట్టింది.

"మీవారు ఈ ఇంజిన్ ఎప్పుడైనా మార్పించారా అమ్మా?" అంది తలెత్తకుండా.

"లేదండీ. ఏం?" అంది అక్క.

"ఈ అంకెలు మరీ బుద్ధిగా నిలబడ్డాయి. ఆ ఫ్యాక్టరీలో చేత్తో కొట్టేవాళ్ళు, ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. ఇవి కొత్తగా కొట్టినవి. వేరే ఇంజిన్ తెచ్చి దాని మీద పాత నంబరు కొట్టేవాళ్ళు మాకు తగులుతూనే ఉంటారు."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. "మా ఆయన దొంగపని చేశాడంటారా?"

నోరు మెదపకుంటే గండం గడిచినట్టే. పోయిన బావ లేచొచ్చి కాదనడు. అలాంటి ఆలోచన తనకు వచ్చినందుకు మేస్త్రికి తన మీద తనకే భయమేసింది.

"బావ కాదండీ, నేనే. తుప్పు తీస్తుంటే పాతవి అరిగిపోయాయి," అన్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. కోప్పడినా బాగుండేది. "అరగదీసి వదిలేసినా సరిపోయేదండీ. పంచీ దెబ్బ ఇనుములో లోపలికంటా దిగుతుంది. పైన అరిగిపోయినా, మందు రాస్తే పాత అంకెలు మసగ్గా పైకి తేలతాయి. చాలా ఇంజిన్లకి అలా తేల్చాం. మీరు సరిగ్గా వాటి నెత్తినే కొట్టారు. ఇంక తేలవు."

"కానీ ఇంజిన్ అదేనండీ!"

"నేను నమ్ముతాను. నా నమ్మకాన్ని ఎవరు కొంటారు?"

ఆవిడ వెళ్ళిపోయాక అక్క ముక్కాలిపీట మీద కూలబడింది.

"నాకొక్క ఫోన్ చెయ్యకపోయావా?"

"భయమేసిందక్కా."

"దేనికిరా?"

"తిడతావని."

"తిట్టేదాన్నే. తిట్టి, ఏం చెయ్యాలో ఆవిడనే అడిగేదాన్ని."

మేస్త్రి తల వంచుకుని తిట్ల కోసం నిలబడ్డాడు. ఇప్పుడు తిడితే ప్రాణం లేచొస్తుంది. అక్క మాత్రం లేచి, సంచీ భుజానికి తగిలించుకుని, పరాయివాళ్ళతో మాట్లాడినంత మెల్లగా అంది:

"నన్ను మా మరిది ఇంటి దగ్గర దింపేస్తావా? ఆలస్యమైతే వాళ్ళేమైనా అనుకుంటారు."