దూరం సున్నా మీటర్లు

ఇరవై ఏళ్లుగా నాది ఒకటే పని. నడిరోడ్డు మీద బండి ఆగిపోయినవాళ్లు ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేస్తారు, కంపెనీ నన్ను పంపుతుంది. కొరియా దక్షిణ తీరాన గొహుంగ్ ఊరి నుంచి సున్‌చన్ పట్నం దాకా నా ఇలాకా. పంక్చర్ అంటే ఐదు నిమిషాల పని. మేకు పీకి, చిల్లులో రబ్బరు పుల్ల దూర్చి, గాలి కొట్టి పంపిస్తాను. ఆ పుల్లని మేం వానపాము అంటాం. నా పేరు తక్ గిజున్. నేను వెళ్లేలోగా సొంత తెలివితో ఏదో ఒకటి గెలికి పెట్టుకున్నవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులోనూ కారుతో పాటు ఇచ్చే తెల్ల జిగురు సీసా టైర్లోకి ఎక్కించేవాళ్లు మరీను! ఆ టైరు విప్పి చూస్తే లోపల గంజికుండే.

అలాంటి నాకు, మా అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజు నాడు పంక్చర్ అయింది.

ప్యో బోంగ్నే అని ఆవిడ పేరు. "నూనె చేతులవాడికి పిల్లనిచ్చేది లేదు" అని భీష్మించుకు కూర్చున్న మనిషి. పెళ్లయి పదకొండేళ్లయినా నేను నడిపే బండి ఎక్కలేదు. ఎక్కడికెళ్లినా పెద్దల్లుడే, ఆ బ్యాంకు మేనేజరే. ఆ పొద్దున ఆయనకు నడుం పట్టేసింది. దేవుడున్నాడనుకున్నాను. ఆవిడ కార్లోనే ఆవిడను మధ్యాహ్నం పన్నెండింటికల్లా సున్‌చన్‌లో విందుహాలుకు చేర్చాలి. నూరుమంది చుట్టాలు ఎదురుచూస్తుంటారు. ఈ ఒక్కపూట సవ్యంగా గడిస్తే ఆవిడ నన్ను అల్లుడని ఒప్పుకుంటుంది. లేదంటే ఈ జన్మకు లేదు.

పదకొండుంబావుకు దారిలో బల్గ్యో ఊరు దాటామో లేదో, బండి వెనకవైపు కుంటింది. దిగి చూస్తే టైర్లో నా చిటికెన వేలంత మేకు.

"ఏం కాలేదత్తయ్యా, చిటికెలో అయిపోతుంది" అంటూ కొత్త సూటు చేతులు పైకి మడిచాను. డిక్కీ తెరిచాను. నిండా విందుకు తీసుకెళ్తున్న తొక్ పెట్టెలు, అంటే బియ్యప్పిండి మిఠాయిలు. వెనక సీట్లోంచి దిగిన మా ఆవిడ యాన్‌జూ చేతుల్లో ఆ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అడుగు పలక లేపాను. స్పేర్ టైరు లేదు. ఈమధ్య కార్లకు ఇవ్వడం లేదు, నాకు తెలియదా? తెలుసు. నా పనిముట్లన్నీ నా ట్రక్కులో ఉన్నాయి. ట్రక్కు ఇంటి దగ్గర ఉంది. ఇక్కడ ఉన్నది ఆ దిక్కుమాలిన తెల్ల సీసా, చిన్న గాలిపంపు. అంతే.

"ఆగు, ఏదీ ముట్టుకోకు" అంది అత్తగారు. "ఏటేటా ఇన్సూరెన్సు కడుతున్నదెందుకు? ఫోన్ చేస్తా. పని తెలిసినవాడెవడైనా వస్తాడు."

"అత్తయ్యా, ఆ తెలిసినవాణ్ని నేనే!"

"ఆఁ, కనపడుతూనే ఉంది" అని నాలుగడుగులు అవతలికెళ్లి, అటు తిరిగి నంబరు నొక్కింది.

నిమిషం తిరక్కుండా నా జేబులో ఫోను గట్టిగా అరిచింది. "కొత్త పిలుపు. టైరు పంక్చర్. దూరం సున్నా మీటర్లు."

సెలవైతే పెట్టాను గానీ, ఫోన్లో డ్యూటీ మీట ఆపడం మరిచిపోయాను. దగ్గర్లో ఎవరుంటే వాళ్లకు పోతుంది పిలుపు. నేను వద్దంటే అది నామ్‌గుంగ్ గాడికి పోతుంది. వాడు రావడానికి నలభై నిమిషాలు. పైగా నేను పని నేర్పినవాడు. నన్ను ఈ అవతారంలో చూశాడంటే ఏడాది పొడుగునా ఆఫీసులో నా కథే చెప్పుకుంటారు. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకుని, సరేనని నొక్కాను.

పిలుపు తీసుకున్నాక కస్టమరుకు ఫోన్ చేసి తీరాలి. ఆ మాటలు రికార్డవుతాయి. తప్పదు, చేశాను.

"నమస్కారమండీ కస్టమర్ గారూ. అత్యవసర సేవ నుంచి తక్ గిజున్ మాట్లాడుతున్నాను. కంగారు పడకండి."

"ఆఁ బాబూ, ఎక్కడిదాకా వచ్చావు?"

"మీ వెనకాలే ఉన్నానండీ."

ఆవిడ వెనక్కి తిరిగింది. ఫోన్ని చూసింది, నన్ను చూసింది. "ఇంత మర్యాదగా మాట్లాడ్డం నీకు వచ్చటయ్యా!"

యాన్‌జూ నవ్వుకు తొక్ పెట్టెలన్నీ ఊగాయి.

"నవ్వింది చాల్లేవే" అని కసిరి, తెల్ల సీసా అందుకున్నాను. ఆ సీసా నన్నే వెక్కిరిస్తున్నట్టుంది. ఇరవై ఏళ్లు దాన్ని తిట్టానే గానీ ఒక్కసారీ వాడింది లేదు. గొట్టం టైరుకు తగిలించి, పంపు మీట వేశాను. గొట్టం ఎగిరిపోయింది. తెల్లటి జిగురు గడ్డం నుంచి టై దాకా చిమ్మింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, సీసాతో పాటు ఉన్న కాగితం చదువుతోంది. "ముందు సీసా బాగా ఊపమని రాశారు. ఊపావా?"

"లేదత్తయ్యా."

"గొట్టం తిప్పి బిగించమన్నారు. తిప్పావా?"

"...లేదు."

"చదవడం రాకనా, పొగరా?"

"పొగరేనత్తయ్యా" అన్నాను. ఇంకేం దాస్తాను?

ఆవిడ చదువుతూ పోయింది, నేను చేస్తూ పోయాను. ఊపమంటే ఊపాను, తిప్పమంటే తిప్పాను. ఈసారి గాలి నిలిచింది. మేకును అలాగే ఉంచి, మెల్లగా నడుపుకుంటూ పన్నెండుకు రెండు నిమిషాలుందనగా హాలు ముందు ఆపాను.

సూటు చూసుకుంటే సున్నం వేసేవాడిలా ఉన్నాను. ఏ మొహంతో లోపలికి వెళ్లను? తలుపు దగ్గరే నిలబడ్డాను. కూర్చోబెట్టి పాయసం పోస్తారనుకున్న రోజు ఇలా తగలబడిందే అని ఏడుపొచ్చింది.

లోపల అందరూ వంగి దండాలు పెడుతుంటే ఆవిడ ఫోను మోగింది. మా కంపెనీ అమ్మాయే. పనయ్యాక సేవ ఎలా ఉందని అడుగుతారు. పదికి పది రాకపోతే ఆఫీసులో మాకు తలంటే. అందుకే మేం కస్టమర్లను బతిమాలుకుంటాం. ఆవిణ్ని బతిమాలే ధైర్యం నాకు లేకపోయింది. ఆ సందట్లో వినపడక ఆవిడ స్పీకరు పెట్టింది. హాలంతా అటే తిరిగింది.

"కస్టమర్ గారూ, పిలిచాక మా మనిషి రావడానికి ఎంతసేపు పట్టిందండీ?"

అత్తగారు తలుపు వైపు చూసింది. నేను గోడ చాటుకు జరగబోయాను.

"పిలవకముందే వచ్చాడమ్మా. వచ్చి పదకొండేళ్లయింది. నేనే గుమ్మంలో నిలబెట్టాను."

"పదకొండు... నిమిషాలాండీ?"

"ఏదో ఒకటి రాసుకో. మార్కులు పదికి పది వెయ్యి. ఇంక పెట్టెయ్ తల్లీ, మా అల్లుడింకా అన్నం తినలేదు."