జొన్నకు తగలని దిష్టి

ముందుగా మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. తప్పులుంటాయి. చెయ్యి కూడా నెమ్మది, ఈ కాస్త రాయడానికే పొద్దంతా పట్టింది.

ఎనిమిదేళ్ల కిందట, డెబ్బై ఎనిమిదిలో, గౌలిపురలోని మా పెరటి బావే బర్రెలకూ, చిక్కుడు పందిరికీ ఆధారం. మా ఆయన పోయాక ఆ బర్రెల పాలతోనే ఇల్లు నడిపాను. ఆ ఎండాకాలం చిక్కుడు తీగలు మెలికలు తిరిగి, ఆకులు ముడుచుకుపోయాయి.

"బావికి దిష్టి తగిలింది వదినె. పూడుస్తె అయిపాయె. బర్రెలు అమ్మేద్దాం," అన్నాడు మా మరిది మల్లన్న.

"అమ్మి నిన్ను మేపాల్నా?" అన్నాను. కానీ భయపడ్డాను. బర్రెలకు కుళాయి నీళ్లు మోశాను. అవి కాసేపే వచ్చేవి.

మా ముందుగదిలో అద్దెకుండే శారదాంబ వ్యవసాయ ప్రయోగశాలలో పనిచేసేది. మట్టి మూకుళ్లలో మన్ను పోసి చిక్కుడు, జొన్న గింజలు విడివిడిగా నాటించింది. కొన్నిటికి బావి నీళ్లు, కొన్నిటికి కుళాయి నీళ్లు. ఏది ఏదో తెలియడానికి మూకుళ్ల మీద బొగ్గుముక్కతో 'బా', 'కు' అని నా చేత రాయించింది. నా మొదటి అక్షరాలు అవే.

బావి నీళ్ల చిక్కుడు మొలకలు వంకరపోయాయి. జొన్న అన్నిటిలోనూ నిటారుగా లేచింది.

"దిష్టయితే జొన్నకూ తగలాలి కదండీ మల్లన్న గారూ," అంది శారదాంబ. "ఇది కలుపు మందు. జొన్నలాంటి గడ్డిజాతిని వదిలేసి వెడల్పాకు మొక్కల్ని చంపుతుంది. బావిలోకి ఎలా వచ్చిందో?"

మల్లన్న బొక్కెన వైపు చూశాడు. మా గల్లీలో గట్టి డబ్బాను ఎవరూ పారేయరు. రైలు పట్టాల పక్క మందు కొట్టినవాళ్లు వదిలేసిన డబ్బాకు తాడు కట్టి బొక్కెన చేసింది అతనే.

"మస్తు కడిగిన," అన్నాడు.

"ఏడ కడిగినవ్?" అన్నాను.

"గీ గట్టు మీదనే."

శారదాంబ చెప్పినట్టు గట్టు చుట్టూ మన్ను తవ్వి, బొగ్గుపొడి, పేడ కలిపి మూలన కుప్పపోశాం. బొగ్గు మందును పట్టి ఉంచుతుందట, పేడలోని కంటికి కనబడని జీవాలు దాన్ని తినేస్తాయట. బావి తోడి, నీళ్లను ఇసుక, బొగ్గు నింపిన పీపాలోంచి వడకట్టి ఆ కుప్ప మీదే పోశాం. తోడింది మల్లన్నే.

"గిట్ల తోడితే మూసీ గూడ ఎండుతది వదినె," అని సణిగాడు గానీ తాడు వదల్లేదు.

కొత్తగా ఊరిన నీళ్లతో మళ్లీ మళ్లీ చిక్కుడు మొలకెత్తించాను. వంకరే. వానలు పడ్డాక ఒక పొద్దున మొలక నిటారుగా నిలబడింది. శారదాంబ ఆ నీళ్లను ప్రయోగశాలలో కూడా పరీక్ష చేయించి, "ఇక బర్రెలకు పెట్టండి," అంది.

బర్రెలు కడుపునిండా తాగాయి. 'బా' అని రాసిన మూకుడు పట్టుకుని గల్లీ అంతా తిరిగాను. ఇప్పటికీ ఎవరి బావి మీద అనుమానం వచ్చినా చెంబుతో నీళ్లు నా దగ్గరికే తెస్తారు.

సక్కుబాయి, యాభై తొమ్మిదేళ్లు, గౌలిపుర, ఆ బావి ఉన్న ఇల్లే.