ముందు సీటులో రేగుమండ

జొసాయా మ్యేనిని మీరు చంపారని ఎవరూ అనడం లేదు. చంపింది అడవిదున్న. దానికి చదువు లేదు, దాన్ని ఏమీ అడగలేం. మీకు చదువుంది. చచ్చిపోయిన మనిషిని ఆ ఎండిన వాగులోనే నిలబెట్టి గేటుకు తాళం వేసుకున్నది మీరు. ఎమ్సేబే అడవి యజమానులు, వాళ్ళ మేనేజర్లు, "వీలు చూసి చెబుతాం" అని ఫోను పెట్టేసిన ప్రతి ఒక్కరూ. శవాన్ని ఇచ్చేశాం కదా అంటారు. శవాన్ని ఇచ్చారు. మనిషిని ఇవ్వలేదు.

ఇంటికి దూరంగా ప్రాణం పోయినవాడు పోయినచోటే ఉండిపోతాడు. ఇంటివాళ్ళు ముళ్ళరేగు మండ పట్టుకుని అక్కడికే వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, వెంటబెట్టుకుని తెచ్చుకోవాలి. మీకు తెలియకపోతే మీ వంటగదిలో అడగండి. మీ అతిథుల పక్కలు సర్దే ఆడవాళ్ళని అడగండి. మీ కంచె వెంట తిరిగే ప్రతి జూలూ మనిషికీ తెలుసు. జొసాయా కూడా ఆ కంచె కోసమే కదా తిరిగింది, ఏనుగులు తెంపిన తీగలు కడుతూ, ముసలితనం వచ్చేదాకా.

రెండు చలికాలాలు గడిచాయి. అతని తమ్ముడు ఫిలేమొన్ మండ పట్టుకుని గేటుకి వచ్చినప్పుడల్లా ఒకటే జవాబు: లాడ్జిలో దిగినవాళ్ళకే లోపలికి ప్రవేశం, అడవిలో కాలు నేల మీద పెట్టడం ప్రమాదం. జొసాయా అదే నేల మీద ఇరవయ్యేళ్ళు నడిచినప్పుడు ఆ ప్రమాదం ఎవరికీ కనబడలేదు.

అందుకని ఈసారి జొసాయా కూతురు వెళ్ళింది.

జబులిలే మ్యేని సఫారీ గైడు. దక్షిణాఫ్రికా చూడవచ్చిన టూరిస్టుల్ని జీపులో ఎక్కించుకుని అడవి నుంచి అడవికి తిప్పుతుంది, జంతువుల్ని చూపిస్తుంది, వాటి సంగతులు చెబుతుంది. నోరే ఆమె బతుకు. ఎమ్సేబే మీదుగా పోయే యాత్ర ఇంకో గైడుది. అతని కాళ్ళావేళ్ళా పడి మార్చుకుంది. పొద్దున మ్లోజి అడవి నుంచి బయల్దేరింది మొదలు ఆమె వేళ్ళు స్టీరింగు మీద ఊరుకోలేదు. గేరు మార్చాల్సిన చోట మార్చలేదు, అక్కర్లేని చోట మార్చింది.

వెనక ఎత్తు బెంచీ మీద హాలండు నుంచి వచ్చిన ముసలి దంపతులు, బ్రామ్, ఇనేకే. నాలుగు అడవుల యాత్ర వాళ్ళది. మొదటి అడవిలో ఖడ్గమృగం దొరికింది. మ్లోజిలో సింహాలు దొరికాయి, అవీ నిద్రపోతూ. చిరుత మాత్రం దొరకలేదు. నాలుగోది సముద్రం పక్కన, అక్కడ చిరుతలు లేవు. కాబట్టి ఎమ్సేబేయే దిక్కు.

"జబూ, ఈ అడవిలో నిజంగా చిరుతలున్నాయా, బోర్డు మీద బొమ్మేనా?" అన్నాడు బ్రామ్.

"ఉన్నాయండి. మనం వస్తున్నామని వాటికి చెప్పలేదు, అంతే."

"మా వీధి పిల్లి కూడా ఇంతే. పిలిస్తే రాదు," అంది ఇనేకే.

"ఆ ముందు సీటు ఊరికే ఖాళీగా ఉంది. నేను దిగి అక్కడ కూర్చుంటే కెమెరాకి బాగుంటుంది," అని బ్రామ్ లేవబోయాడు.

"వద్దండి. అది మా నాన్నది."

ఇద్దరూ నవ్వారు. తర్వాత అద్దంలో ఆమె మొహం చూసి ఆపేశారు.

చెప్పక తప్పలేదు. సీటు కింద తెల్లగుడ్డలో చుట్టిన రేగుమండ తీసి చూపించింది. కొమ్మంతా జంట ముళ్ళు, ఒకటి తిన్నగా ముందుకి, ఒకటి వంకీ తిరిగి వెనక్కి. నాన్న పోయిన వాగు ఎమ్సేబే లోపల ఉందనీ, సాయంత్రం అటు వెళ్ళినప్పుడు కాసేపు బండి ఆపుతాననీ, ఆ వాగులో మండ ఎత్తిన దగ్గర్నుంచి గేటు బయట చిన్నాన్న చేతిలో పెట్టేదాకా ఎవ్వరితోనూ మాట్లాడననీ చెప్పింది.

"ఎవరితోనూనా? మాతో కూడా?"

"నాన్నతో ఒక్కడితోనే. దారి చెబుతూ ఉండాలి. వాగు దాటుతున్నాం, గేటు దాటుతున్నాం అని. ఇంకెవరితోనైనా మాట్లాడితే, తనని మర్చిపోయాననుకుని అక్కడే దిగిపోతాడు."

ఇనేకే మెల్లగా, "ఫోటోలు తీయకూడదేమో కదా," అంది.

"తీయకండి."

"సరే. మరి చిరుత?" అన్నాడు బ్రామ్.

ఇనేకే అతన్ని మోచేత్తో పొడిచింది.

ఎమ్సేబే గేటు ముందు ఫిలేమొన్ అప్పటికే వచ్చి ఉన్నాడు. పాత కోటు, పెళ్ళిళ్ళకి వేసుకునే టోపీ. గేటుకి ఇవతల కలబంద పొద దగ్గర నిలబడ్డాడు, లోపలికి ఒక్క అడుగు వేసినా తరుముతారని తెలిసి. జబులిలే బండి ఆపి దిగింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నీ గుర్తున్నాయా తల్లీ?"

"ఉన్నాయి చిన్నాన్నా."

"నీకు నోరు ఊరుకోదు. చిన్నప్పుడు చర్చిలో కూడా పాస్టరుకి అడ్డం వచ్చేదానివి."

"ఇవాళ కుట్టేసుకుంటా."

"మీ అమ్మ మేకని కట్టేసింది. జొన్న బీరు పొంగింది. ఊళ్ళో సగంమంది మన వాకిట్లోనే ఉన్నారు. పొద్దుగుంకక ముందే ఆయన్ని నాకిచ్చెయ్యి. మినీబస్సువాడికి రెండు సీట్లు చెప్పి ఉంచా, ఒకటి నాకు, ఒకటి అన్నయ్యకి."

గేటు దగ్గర కాపలావాడు వైర్‌లెస్ సెట్టు చేతికిచ్చాడు. ఎమ్సేబేలో ప్రతి బండిలోనూ అది ఉండాల్సిందే. ఎవరికి జంతువు కనబడ్డా అందులో చెబుతారు. ఒక జంతువు దగ్గరికి ఒకేసారి ఎన్నో బండ్లు పోకూడదు, అందుకని ముందు జవాబిచ్చినవాళ్ళకే వంతు. పలకనివాడి టూరిస్టులకి దుమ్మే మిగులుతుంది. గైడు చెయ్యి సెట్టు మీదికి పోవడం కన్నురెప్ప వాలినట్టు ఉంటుంది, ఆలోచన అక్కర్లేదు.

మధ్యాహ్నం లాడ్జిలో ఆమె తిండి ముట్టలేదు. వాళ్ళమ్మ ఫోను చేసింది, పెట్టేసింది, మళ్ళీ చేసింది. "ఎక్కాడా?" "ఇంకా లేదమ్మా." "నిన్న కూడా వచ్చాడే కల్లోకి. కంచె అవతల నిలబడి తీగ పట్టుకుని చూస్తున్నాడు. చెప్పుల్లేవు." "అమ్మా, సాయంత్రానికి అయిపోతుంది. పెట్టెయ్."

ఎండ పసుపు రంగుకి తిరిగే వేళకి వాగు చేరారు. ఇసుక, చచ్చిన రెల్లు, ఒడ్డున ఒక మారులా చెట్టు. చెట్టు కింద నేల చదును చేసి ఉంది. రోజూ పొద్దు వాలుతుంటే లాడ్జివాళ్ళు అక్కడ బల్ల వేసి అతిథులకి మందు పోస్తారు. జొసాయా పడిన చోటికి ఆ బల్ల కూతవేటు దూరం కూడా లేదు.

జబులిలే జంతువుల జాడ కోసం చుట్టూ చూసి, గాలి చూసి, దిగింది. మండని ఇసుక మీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా. జొసాయా. మ్యేని. నేను జబులిలేని. ఆలస్యమైంది, మా తప్పు కాదు, గేటు మూసేశారు. లే నాన్నా. ఇంటికి పోదాం. అమ్మ చూస్తోంది."

రెల్లు కదిలింది. గాలికే కావచ్చు. ఆమె రెండు చేతులతో మండ ఎత్తి, తెచ్చి ముందు సీటులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టింది. బ్రామ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బండి కదిలింది.

"వాగు ఎక్కుతున్నాం నాన్నా, కుదుపు ఉంటుంది... ఇదిగో నువ్వు కట్టిన కంచె. ఎడమవైపు తిరుగుతున్నా... జిరాఫీలు, పట్టించుకోకు... ఇంకో మలుపు తిరిగితే గేటుదారే."

మాట్లాడుతున్నకొద్దీ గేర్లు సరైన చోట పడసాగాయి. రెండు చలికాలాల్లో మొదటిసారి ఆమె ఒళ్ళు సీటుకి ఆనింది. ఆ తేలికలోనే కొంప మునిగింది.

వైర్‌లెస్ గరగరలాడింది. లాడ్జి గైడు ఖులేకానీ గొంతు. ఆమెకి పాత స్నేహితుడు. "చిరుత, చిరుత. ఉత్తరం నీటిగుంట దగ్గర, పిల్లతో సహా. జబూ అక్కా, ఎక్కడున్నావ్? నీ హాలండు ముసలాయన పుణ్యం పండింది."

"వస్తున్నా ఖులే, రెండో బండిగా నన్ను పెట్టు," అంది జబులిలే.

సెట్టు తిరిగి కొక్కేనికి తగిలించింది. అప్పుడు వినబడింది ఆమెకి, తనేమందో.

బ్రేకు మీద కాలు పడింది. దుమ్ము వెనక నుంచి వచ్చి బండిని దాటి ముందుకి పోయింది. ముందు సీటులో రేగుమండ ఉంది. ఉత్త మండే ఉంది. ఎండిన ఆకులు, ముళ్ళు.

"చిరుతేనా?" అని బ్రామ్ సగం లేచాడు.

"కూర్చో," అంది ఇనేకే.

జబులిలే బండిని వెనక్కి తిప్పింది. పొద్దు చెట్ల తలల మీదికి దిగిపోయింది, చలి మొదలైంది. నాన్న ఈ మలుపులోనే దిగాడో, వాగుకే తిరిగి నడిచాడో. వాగు దగ్గరే మళ్ళీ పిలవాలి. మొదట్నుంచి. దారిపొడవునా ఆమె పళ్ళు కొరుకుతూనే ఉంది, పంటి కింద దుమ్ము.

వాగులో అప్పటికే బల్ల వేసేశారు. తెల్లటి గుడ్డ, గ్లాసులు, పక్కన నెగడు. మేనేజరు క్రెయిగ్ స్వయంగా అతిథులకి పోస్తున్నాడు. జబులిలే దిగబోతుంటే ఎదురొచ్చాడు.

"ఇందాక ఇక్కడ నువ్వు బండి దిగావట. మోకాళ్ళ మీద కూర్చున్నావట. నీకు నిబంధనలు తెలుసు."

"తెలుసు. ఇంకోసారి దిగాలి. ఆయన దిగిపోయాడు."

"ఎవరు?"

"మా నాన్న."

క్రెయిగ్ అతిథుల వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు జబులిలే. జొసాయా అంటే నాకూ గౌరవమే. అంత్యక్రియలకి పువ్వులు పంపాం. కానీ ఇక్కడ జనం తాగుతూ సూర్యాస్తమయం చూస్తున్నారు. ఇప్పుడు నువ్వు ఇక్కడ చనిపోయినవాళ్ళతో మాట్లాడితే వాళ్ళకెలా ఉంటుంది?"

"మీ అతిథులు నేల మీద నిలబడి తాగొచ్చు. నేను మోకాలు ఆనించకూడదా?"

"వాళ్ళ కోసం తుపాకీ పట్టుకున్న మనిషి ఉన్నాడు."

"మా నాన్న కోసం ఎందుకు లేడు?"

క్రెయిగ్‌కి కోపం వచ్చింది. "ఆఫీసుకి రాయి. సీజను అయ్యాక చూద్దాం. ఒకసారి దిగినవాడు ఇంకో నాలుగు నెలలు ఆగలేడా? ఇంకొక్క మాట మాట్లాడావంటే నీకు ఈ గేటు శాశ్వతంగా మూసేయిస్తా."

తుపాకీ మనిషి నేల చూపులు చూస్తున్నాడు. అతనూ జూలూవాడే. బల్ల దగ్గర గ్లాసులు తుడుస్తున్న అమ్మాయి తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది.

జబులిలే బండెక్కింది. బండి గేటుదారి పట్టింది. చిరుత మాట ఎత్తలేదు బ్రామ్.

ఫిలేమొన్ గేటు అవతల రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. ఆమె మొహం చూడగానే చేతులు దించేశాడు.

"మాట్లాడావు."

"మాట్లాడా చిన్నాన్నా."

"ఎవరితో?"

"వైర్‌లెస్‌లో. చిరుత వచ్చిందంటే... నా వంతు చెప్పా."

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అన్నయ్య అయితే అడిగేవాడు, కనబడిందా అని."

అప్పుడు ఏడ్చింది ఆమె. ఏడుస్తూనే అంది: "నా వల్ల కాదు చిన్నాన్నా. బండి తోలుతూ, ఆ సెట్టు చెవి పక్కన పెట్టుకుని, ఎవరి వల్లా కాదు. ఇది నువ్వు చెయ్యాల్సిన పని. మొదట్నుంచీ నీదే."

"నన్ను రానివ్వరుగా."

జబులిలే కళ్ళు తుడుచుకుని, ముందు సీటులోని మండ తీసి ఆయన చేతిలో పెట్టింది. బండిని కొంచెం వెనక్కి తీసి, రెండు గేటు స్తంభాల మధ్యా అడ్డంగా పెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి పీకి జేబులో వేసుకుంది. కాపలావాడు పరుగున వచ్చాడు.

"అక్కా, ఏంటిది? లోపలికొచ్చే బండ్లున్నాయి, నా ఉద్యోగం పోతుంది."

"నన్ను ఆపావనీ, నేను వినలేదనీ చెప్పు. గట్టిగా తిట్టు, అందరూ వినేలా."

కాపలావాడు గొంతెత్తి తిట్టాడు. తిట్టి, పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

ఇనేకే వెనక బెంచీ దిగి వచ్చి ఫిలేమొన్‌కి తన దుప్పటి ఇచ్చింది. "బ్రామ్, నువ్వు కూడా దిగు."

"రేపు సముద్రం దగ్గరికి వెళ్ళాలి మనం," అన్నాడు బ్రామ్.

"సముద్రం ఎక్కడికీ పోదు."

బ్రామ్ గొణుక్కుంటూ దిగాడు. రోడ్డు మీద అప్పటికే ఒక లాడ్జి బండి వచ్చి హారన్ కొడుతోంది. లోపలి నుంచి ఇంకో రెండు. పొద్దు సగం కొండ వెనక్కి పోయింది.

జబులిలే వైర్‌లెస్ చేతిలోకి తీసుకుంది. ఈసారి తెలిసే తీసుకుంది.

"ఎమ్సేబేలో ఉన్న అన్ని బండ్లకీ. నేను జబులిలే మ్యేనిని, గేటు దగ్గరున్నా. గేటుకి అడ్డంగా ఉన్న బండి నాదే, తాళం నా దగ్గరే ఉంది, మా చిన్నాన్నని లోపలికి రానిచ్చేదాకా అది కదలదు. ఫిలేమొన్ మ్యేని మండ పట్టుకుని ఇక్కడ నిలబడ్డాడు. క్రెయిగ్, వింటున్నావని తెలుసు. సీజను అయ్యాక కాదు, ఉత్తరం రాసి కాదు. నడవకూడదంటే మీ బండే పంపండి, తుపాకీ మనిషిని కూడా పంపండి, మా నాన్నకి ఇవ్వని తుపాకీని మా చిన్నాన్నకైనా ఇవ్వండి. ముందు సీటు ఖాళీగా ఉంచండి. వాగులో బల్ల తీసెయ్యండి. ఆయన మండ ఎత్తిన దగ్గర్నుంచి ఈ గేటు దాటేదాకా ఏ బండిలోనూ సెట్టు మోగకూడదు. చిరుత కనబడినా సరే, సింహం మీద పడినా సరే. ఖులే, నువ్వు ముందు ఆపు. ఒక్కొక్కరూ ఆపండి. ఇప్పుడే, వెలుగుండగానే. గేటు తియ్యండి."